పాటకు ఓటు వేసిందెవరు?

పాటలకు మార్కులు వెయ్యడమేమిటండీ, విడ్డూరం కాకపోతే! గోంగూర పచ్చడికీ బొబ్బట్టుకీ పోటీ పెట్టి, ఏది మొదటిదో తేల్చమన్నట్టుంటుంది. అయినా మనిషికి ఆ సరదా పోదు. నలుగురు పాటల పిచ్చివాళ్ళు ఒకచోట చేరారంటే చాలు, ముందున్న కాఫీలు చల్లారి తొరక కట్టేదాకా ఇది గొప్పంటే అది గొప్పని వాదించుకుంటారు. ఘంటసాల పాటల్లో పది ఏరమని పదిమందికి కాగితాలిచ్చి చూడండి, పది జాబితాలొస్తాయి. పైగా ప్రతివారూ తక్కిన తొమ్మిదిమందికీ చెవులు లేవని తీర్మానిస్తారు. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నారు గదా. చెవికో పాట అనడం ఎందుకు మరిచిపోయారో!

సరదాగా మొదలయ్యే ఈ ఓట్ల వ్యవహారంలో సరదా కాని సంగతొకటి ఉంది. ఏ పాట మిగలాలి, ఏది మరుగున పడాలి, పాడినవాళ్ళలో ఎవరి పేరు రేపటి పిల్లలకు తెలియాలి అన్నది చాలావరకూ ఈ జాబితాలే నిర్ణయిస్తాయి. అమెరికాలో నల్లజాతివారు కన్న బ్లూస్, సోల్ పాటల నూరేళ్ళ కథ చూస్తే ఆ సంగతి అరచేతిలో ఉసిరికాయలా కనిపిస్తుంది.

అక్కడ ‘రోలింగ్ స్టోన్’ అని ఒక సంగీత పత్రిక ఉంది. 1967లో పుట్టింది. ఆ పత్రికవారు 2004లో, ఇంతవరకూ వచ్చిన పాటలన్నిటిలోకీ గొప్పవి 500 ఏరి అచ్చువేశారు. పాడేవాళ్ళూ, వాయించేవాళ్ళూ, విమర్శకులూ కలిసి 172 మంది ఓట్లు వేశారు. మొదటి స్థానం బాబ్ డిలన్ పాడిన ‘లైక్ ఎ రోలింగ్ స్టోన్’కి దక్కింది. పత్రిక పేరూ పాట పేరూ ఇంచుమించు ఒకటే కావడంతో, ఇంటివారు ఇంటల్లుణ్ణి మెచ్చుకున్నట్టు లేదూ! అరెతా ఫ్రాంక్లిన్ పాడిన ‘రెస్పెక్ట్’కి అయిదో స్థానం ఇచ్చారు.

పదిహేడేళ్ళు గడిచాయి. 2021లో అదే పత్రిక మళ్ళీ ఓట్లు పెట్టింది. ఈసారి 250 మందికి పైగా తలా 50 పాటలు రాసి పంపారు. దాదాపు 4,000 పాటలకు ఓట్లు పడ్డాయి. లెక్క తేలేసరికి అయిదోది మొదటిదయింది, మొదటిది నాలుగోదయింది. శామ్ కుక్ పాడిన ‘ఎ చేంజ్ ఈజ్ గానా కమ్’ పాత జాబితాలో పన్నెండోదల్లా మూడో స్థానానికి ఎగబాకింది.

మరి ఈ పదిహేడేళ్ళలో ‘రెస్పెక్ట్’ పాటలో ఏం మారింది? ఒక్క అక్షరం మారలేదు. ఒక్క దరువు మారలేదు. 1967లో ఆ నల్లటి పళ్ళెం మీద సూది ఏం గీసిందో ఇప్పుడూ అదే ఉంది. పాడిన అరెతా 2018లోనే కన్నుమూసింది. మారింది పాట కాదు, ఓటు వేసిన గది. మొదటిసారి ఆ గదిలో రాక్ సంగీతపు పెద్దలు వాలుకుర్చీలు వేసుకుని కూర్చున్నారు. రెండోసారి ర్యాప్ పాడేవాళ్ళూ, పాప్ పాడేవాళ్ళూ, వాళ్ళకంటే వయసులో చిన్నవాళ్ళూ కూడా వచ్చి బల్లల మీద సర్దుకు కూర్చున్నారు. కూర్చున్నవాళ్ళు మారితే గొప్పదనం మారింది!

అందుచేత నేననేదేమిటంటే, ఏ జాబితా కనిపించినా ‘మొదటిదేది?’ అని అడగడం కంటే ముందు ‘ఓటు వేసిందెవరు? వెయ్యడానికి పిలవనిదెవర్ని?’ అని అడగాలి. జాబితా పాట గురించి చెప్పేది పిసరంత. ఓటేసినవాళ్ళ గురించి చెప్పేది గంపెడంత.

ఈ పాటలు మనకంత పరిచయం లేనివి గనక రెండు ముక్కలు. బ్లూస్ అంటే దిగులు పాట. అమెరికా దక్షిణాది పత్తిచేలల్లో, రైలు కట్టల మీద, బానిసత్వం కాగితం మీద పోయినా బతుకులోంచి పోని రోజుల్లో పుట్టింది. దాని కట్టుబడి బహు పొదుపు. మొదటి మాట ఒకసారి అంటారు, అదే ఇంకోసారి అంటారు, మూడోదానితో జవాబు చెబుతారు. అంతే. మనిళ్ళలో పెద్దవాళ్ళు బాధ చెప్పుకునే తీరు గుర్తుచేసుకోండి. అన్నమాటే మళ్ళీ అని, ఆ పైన ఒక్క నిట్టూర్పుతో తేల్చేస్తారు చూడండి, అదన్నమాట. సోల్ దానికి చెల్లెలి వరస. చర్చిలో దేవుణ్ణి పిలిచే గొంతుతో మనిషిని పిలిస్తే అది సోల్. మంగళహారతి వరసలో ప్రేమలేఖ చదివినట్టు. చర్చి పెద్దలకు మొదట్లో ఒళ్ళు మండిందంటే ఆశ్చర్యమేముంది?

ఇహ ఓట్ల కథకు వద్దాం. మొట్టమొదటి ఓటు నాణేలతో పడింది.

1920 ఆగస్టులో మేమీ స్మిత్ అనే నల్లజాతి గాయని ‘క్రేజీ బ్లూస్’ అనే పాట రికార్డిచ్చింది. అంతకుముందు రికార్డు కంపెనీలవారికి నల్లవాళ్ళు పాటలు కొంటారన్న ఊహే లేదు. పేదవాళ్ళు, వాళ్ళకి గ్రామఫోనెక్కడిదని వాళ్ళ లెక్క. తీరా పళ్ళెం బజారులోకొచ్చేసరికి వేలకు వేలు అమ్ముడుపోయింది. రైళ్ళలో పడకలు సర్దే నల్లజాతి పోర్టర్లు ఉత్తరాది నగరాల్లో ఆ రికార్డులు కొనుక్కుని, సామానులో పెట్టుకుని, దారి పొడుగునా దక్షిణాది ఊళ్ళలో అమ్మేవారు. పాటలు పంచుకోవడం ఈనాటి వింతేమీ కాదన్నమాట. దుప్పట్లు మడతపెట్టే చేతులే ఆనాడు పాటను ఊరూరికీ మోశాయి.

ఆ ఓటు ఎవరికి పడిందో చూడండి. ఆడవాళ్ళకి! మేమీ స్మిత్ తర్వాత మా రెయినీ, బెస్సీ స్మిత్. 1923లో బెస్సీ మొదటి రికార్డు ‘డౌన్‌హార్టెడ్ బ్లూస్’ లక్షల్లో అమ్ముడయింది. ఆ పాట కట్టింది కూడా ఇద్దరు ఆడవాళ్ళే, ఆల్బెర్టా హంటర్, లవీ ఆస్టిన్. ముత్యాల దండలు, ఈకల టోపీలు, వెనక పియానో, బాకాలు. గుడారాల్లో, నాటకశాలల్లో నిండు సభలో నిలబడి, తాగుబోతు మొగుళ్ళ గురించి, అద్దె బాకీల గురించి, విడిచి వెళ్ళాలన్న తెగింపు గురించి గొంతెత్తి పాడారు. రోజంతా పరుల ఇళ్ళలో అంట్లు తోమి, బట్టలు ఉతికిన స్త్రీలు కూడబెట్టిన డబ్బుతో ఆ పళ్ళేలు కొనుక్కున్నారు. ఇంతకంటే ఖరీదైన ఓటు ఏ ఎన్నికల్లో పడుతుంది చెప్పండి?

అయితే ఆ ఓట్లు లెక్కించే పెట్టె మాత్రం వేరు. కంపెనీలవారు వీటిని ‘రేస్ రికార్డులు’ అని, అంటే జాతి రికార్డులని, విడిగా జాబితా వేసి అమ్మేవారు. ‘బిల్‌బోర్డ్’ అనే వ్యాపార పత్రిక 1942లో నల్లవాళ్ళ పాటలకు ప్రత్యేకంగా ఒక పట్టిక మొదలుపెట్టి ‘హార్లెమ్ హిట్ పరేడ్’ అంది. 1945లో దాన్నే ‘రేస్ రికార్డు’లంది. 1949లో ‘రిథమ్ అండ్ బ్లూస్’ అంది. 1969లో ‘సోల్’ అంది. ఇంటిపేరు ఇన్నిసార్లు మార్చిన కోడలు లోకంలో మరొకతె ఉండదు. మధ్యలో 1963 చివర్నించి 1965 మొదటిదాకా ఏడాదికి పైగా అసలా పట్టికే వెయ్యలేదు. పేర్లెన్ని మార్చినా సంగతొకటే: మీ ఓట్లు మీ పెట్టెలో, మా ఓట్లు మా పెట్టెలో.

రెండో ఓటు మరీ తమాషాగా పడింది. ఈసారి ఓటర్లు పాత రికార్డులు పోగుచేసే అభిమానులు. చాలామట్టుకు తెల్లవాళ్ళు, దాదాపు అందరూ మగవాళ్ళు, అందులోనూ పుస్తకాల పురుగుల్లాంటి ఒంటిగాళ్ళు. వాళ్ళలో పెద్దతలకాయ జేమ్స్ మెక్యూన్. న్యూయార్కులో బ్రూక్లిన్ వసతి గృహంలో ఒక చిన్న గదిలో ఉంటూ, పాత సామాన్ల కొట్లలో వెతికి రికార్డులు తెచ్చి మంచం కింద అట్టపెట్టెల్లో దాచుకునేవాడు. చార్లీ ప్యాటన్ అనే మిసిసిపీ గాయకుడి అరిగిపోయిన పళ్ళెం వినడంతో 1940ల్లో ఆయన జన్మ తరించింది. ఆ పాతపాటల రుచి ఆయన చుట్టూ చేరిన నలుగురికీ అంటుకుంది.

1959లో శామ్యూల్ చార్టర్స్ అనే ఆయన ‘ది కంట్రీ బ్లూస్’ అన్న పుస్తకం రాశాడు. ఆ రోజుల్లో నల్లజాతి జనం ఏ గాయకుల్ని ఎక్కువగా కొన్నారో ఆయన దానికి విలువిచ్చాడు. మెక్యూన్‌కి కోపమొచ్చింది. ఎన్ని అమ్ముడయ్యాయన్న లెక్కతో నాకేం పని, పాట గొప్పదా కాదా అన్నదే ప్రశ్న అన్నది ఆయన వాదం. ఆయన జట్టువాళ్ళు ఊరుకున్నారా? చార్టర్స్ ఆ పుస్తకం పేరుతోనే పాటల సంకలనం వేస్తే, వీళ్ళు దానికి పోటీగా, ‘నిజంగానా?’ అన్న వెక్కిరింపు పేరులోనే చేర్చి మరో సంకలనం విడుదల చేశారు.

ఈ తగవు వింటుంటే పెదవి మీదికి నవ్వొస్తుంది గానీ, దాని ఫలితం నవ్వులాట కాదు. అభిమానుల ఓటు గెలిచింది. 1961లో రాబర్ట్ జాన్సన్ అనే గాయకుడి పాత పాటల్ని కొలంబియా కంపెనీ పెద్ద రికార్డుగా వేసింది. జాన్సన్ 1936లో, 37లో రెండేరెండు విడతలుగా పాడాడు. మొత్తం 29 పాటలు. బతికుండగా ఒక్కటి మాత్రం ఓ మోస్తరుగా అమ్ముడయింది. 1938లో 27 ఏళ్ళకే పోయాడు. అలాంటివాడు పోయిన పాతికేళ్ళకు ఇంగ్లండులో, అమెరికాలో గిటారు పట్టిన కుర్రవాళ్ళందరికీ ఇలవేల్పయి కూర్చున్నాడు. 1990లో ఆయన పాటలన్నీ కలిపి వేస్తే పది లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. గొప్ప గాయకుడే, సందేహం లేదు. కానీ ఆ దెబ్బతో ‘బ్లూస్’ అనగానే లోకం కళ్ళముందు ఒకే బొమ్మ నిలిచిపోయింది: దుమ్ము రోడ్డు, నాలుగు దారుల కూడలి, చేతిలో గిటారు, ఒంటరి మగవాడు.

మరి ఆ ముత్యాల దండలవాళ్ళేమయ్యారు? వాళ్ళది నాటకాల ఫక్కీ అన్నారు, బజారు సరుకన్నారు, అసలు సిసలు బ్లూస్ కాదన్నారు. అమ్ముడుపోవడమే వాళ్ళు చేసిన నేరమయింది! అమ్ముడుపోనివాడు స్వచ్ఛమైనవాడు, అమ్ముడైన మనిషి కల్తీ. మనకీ కథ కొత్త కాదు సుమండీ. 1960ల్లో, 70ల్లో వారపత్రికల్లో మన రచయిత్రుల సీరియళ్ళ కోసం ఇళ్ళల్లో వంతులు వేసుకుని చదివేవారు. సాహిత్య సభల్లో వాటి ఊసెత్తితే మాత్రం ‘వంటింటి సాహిత్యం’ అని ఒక్క మాటతో పక్కన పెట్టేవారు. చదివిన ఆ వేల ఆడవాళ్ళది ఓటు కాదు, సభలో పదిమందిది ఓటు. యద్దనపూడి అయినా బెస్సీ స్మిత్ అయినా, ఆడవాళ్ళ మెప్పు పొందినదానికి ఆ తీర్పు తప్పలేదు.

అలాగని రికార్డులు పోగుచేసినవాళ్ళను తిట్టిపోసి చేతులు దులుపుకుంటే అన్యాయమవుతుంది. వాళ్ళ పిచ్చి లేకపోతే ఎన్నో గొంతులు చెత్తకుప్పల్లో కలిసిపోయేవి. 1928లో మిసిసిపీ జాన్ హర్ట్ అనే ఆయన కొన్ని పాటలు పాడి ఇచ్చి, తన ఊరికి పోయి వ్యవసాయప్పనులు చేసుకుంటూ ఉండిపోయాడు. ఒక పాటలో తన ఊరు అవలాన్ అని చెప్పుకున్నాడు. 35 ఏళ్ళ తర్వాత, 1963లో, ఆ పాట విన్న ఒక అభిమాని పటంలో ఆ ఊరు వెతుక్కుంటూ వెళ్ళాడు. ఆయన అక్కడే ఉన్నాడు! ఆ ఏడాదే న్యూపోర్ట్ జానపద ఉత్సవంలో వేలమంది ముందు కూర్చుని, తాతయ్య మనవలకి కథ చెప్పినంత మెల్లగా పాడాడు. 1966లో పోయేదాకా మూడేళ్ళపాటు ఆ గౌరవం అనుభవించాడు. పాట విని ఊరు వెతుక్కుంటూ పోవడం కన్నా గొప్ప ఓటు నాకు తెలియదు. అభిమాని ఓటుకు బలం ఉంది. కాకపోతే తనకు నచ్చనిదాన్ని పాట కాదు పొమ్మనే హక్కు ఆ బలంతో రాదు.

మూడో ఓటు కాళ్ళతో వేశారు. అది ఇంకా చిత్రం.

ఇంగ్లండు ఉత్తరాదిన మిల్లుల్లో, గనుల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేసే తెల్లజాతి కుర్రకారుకు 1960ల చివర అమెరికన్ సోల్ మీద మోజు పుట్టింది. అదీ పేరుమోసిన పాటల మీద కాదు. అమెరికాలో విడుదలై, ఎవరూ కొనక, గోదాముల్లో దుమ్ము కొట్టుకుపోయిన పాటల మీద! డేవ్ గాడిన్ అనే రచయిత ఈ అభిరుచికి 1970లో ‘నార్తర్న్ సోల్’ అని పేరు పెట్టాడు. 1973లో విగాన్ పట్టణంలో క్యాసినో అనే నృత్యశాలలో శనివారం అర్ధరాత్రి దాటాక మొదలయ్యేది ఆట. ఆదివారం తెల్లవారి ఎనిమిదింటిదాకా సాగేది. మద్యం అమ్మేవారు కాదు. కాళ్ళు సులువుగా జారడానికి నేల మీద పౌడరు చల్లుకుని గిరగిరా తిరిగేవారు. ఆ సభలో ఓటంటే ఏమిటి? పాట వెయ్యగానే జనం నేల మీదికి దూకితే నెగ్గినట్టు, గోడలకు చేరగిలబడితే ఓడినట్టు. జాబితా లేదు, లెక్కింపు లేదు, అధ్యక్షోపన్యాసం అసలే లేదు.

ఇలా నెగ్గినవాటిలో ఒకటి గ్లోరియా జోన్స్ అనే నల్లజాతి గాయని 1965లో పాడిన ‘టెయింటెడ్ లవ్’. రికార్డుకి వెనకవైపు వేసిన పాట అది. ముందువైపు పాటే నడవకపోతే వెనకదాన్నెవరు వింటారు? అమెరికా ఆ పాట ముఖమే చూడలేదు. ఇంగ్లండు కుర్రకారు కాళ్ళు దాన్ని బతికించాయి. 1981లో సాఫ్ట్ సెల్ అనే ఇంగ్లీషు జట్టు దాన్నే కొత్త బాణీలో పాడి, వాళ్ళ దేశంలో మొదటి స్థానానికెక్కించింది.

ఎంత ముచ్చటైన కథ! అయితే ఈ ముచ్చటలోనూ ఓ ముల్లుంది. ఆ నృత్యశాలల్లో పాటలు వేసేవాళ్ళు, తమ దగ్గరున్న అరుదైన రికార్డు పక్కవాడికి దొరక్కూడదని, పళ్ళెం మీది కాగితానికి మరో కాగితం అంటించి, గాయకుడి పేరు దాచేసి, ఏదో కల్పిత నామం చెప్పేవారు. పాట కావాలి, పాడినవాడి పేరు మాత్రం గుట్టు! ఫ్రాంక్ విల్సన్ అనే ఆయన 1965లో మోటౌన్ కంపెనీకి పాడిన రికార్డు ప్రతులు ఒకటి రెండే మిగిలాయని పేరు. వాటిలో ఒకటి 2009లో 25,000 పౌన్లకు పైగా పలికింది. పాత సరుకు చేతులు మారితే పాడినవారికి దమ్మిడీ ముట్టదు గదా. ప్రేమించడం వేరు, దాచుకోవడం వేరు. నగ మెడలో వేసుకుంటే అందం. బీరువాలో పెట్టి తాళం వేస్తే ఆస్తి.

ఇప్పుడు ‘రెస్పెక్ట్’ దగ్గరకు వెడదాం. అన్ని ఓట్లూ ఒకచోట కలిసిన పాట గనక.

ఆ పాట రాసింది ఓటిస్ రెడింగ్. 1965లో తనే పాడాడు. అందులో కష్టపడి డబ్బు సంపాదించి ఇంటికొచ్చే మగవాడు, ఇల్లాలిని అడుగుతాడు, గడపలో కాలు పెట్టగానే కాస్త గౌరవం చూపించమని. నల్లజాతి శ్రోతల్లో బాగానే నడిచింది. 1967 ఫిబ్రవరి 14న, పాతికేళ్ళు కూడా నిండని అరెతా అదే పాట పాడింది. మాటలు చాలావరకూ అవే. నిలబడ్డ చోటు మాత్రం మారిపోయింది. గుమ్మం బయటివాడు అడిగిన మాటను గుమ్మం లోపలి మనిషి అడిగింది. డబ్బు నాకూ ఉంది, నాకు కావలసింది మర్యాద అన్నట్టుంది. వెనక ఆమె చెల్లెలు కారొలిన్, అక్క ఎర్మా కలిసి అందుకుంటుంటే, బుర్రకథలో వంతలు కథకుడి మాటను పట్టి పైకి లేపినట్టుంటుంది. ఒకతె అడిగితే విన్నపం, ముగ్గురు కలిసి అడిగితే తీర్మానం! ఇక చివర్లో పాట పేరులోని ఒక్కొక్క అక్షరం విడగొట్టి చెప్పడం ఓటిస్ పాటలో లేదు, ఆమె చేర్చింది. చదువు రానివాడికి పలకమీద దిద్దించినట్టు, నీకీ మాట తెలియదు గనక అక్షరాలతో సహా నేర్పుతున్నా చూసుకో అన్నట్టు. ఆ చమత్కారంలో ఎంత కోపం ఉందో అంత హాస్యమూ ఉంది. ఆ రెండూ కలిపి పాడగలిగిన గొంతులు అరుదు.

ఆ జూన్‌లో అది అమెరికా అంతటికీ మొదటి పాటయింది. రెండు పెట్టెల్లోనూ ఓట్లు పడ్డాయన్నమాట. ఒక పిల్ల నా పాట పట్టుకుపోయిందని ఓటిస్ మాంటెరీ సభలో సరదాగా చెప్పుకున్నాడు. పాపం, ఆ డిసెంబరులోనే విమానం కూలి 26 ఏళ్ళకే పోయాడు. ఇంకో విడ్డూరం వినండి. అమెరికా చట్టం ప్రకారం మామూలు రేడియోలో పాట వేస్తే రాసినవారికే డబ్బు, పాడినవారికి లేదు. లోకమంతా అరెతా పాట అని చెప్పుకునే పాట రేడియోలో మోగినన్నిసార్లూ ఆమె ఖాతాలో పడింది సున్న. గౌరవం కావాలని పాడిన పాటకు దక్కిన గౌరవం అది!

కనక 2021 ఓటు ఆమెను మొదటి స్థానంలో నిలబెట్టిందని సంతోషించవలసిందే. కానీ ఆ సంతోషాన్ని అక్కడే ఆపుకోవడం మంచిది. రేపు మరో గదిలో మరో జట్టు కూర్చుంటే మరో పాట పైకి రావచ్చు. రానీండి. ‘రెస్పెక్ట్’ మొదటిదైనందుకు గొప్పది కాలేదు, అయిదోదై ఉన్నన్నాళ్ళూ తక్కువదీ కాలేదు. అంకె పాటకు తగిలించిన చీటీ, అంతే. చీర అంచుకి అంటించిన ధర కాగితం లాంటిది, కట్టుకున్నాక దానితో పనిలేదు.

ఈ రోజుల్లో ఓటు వెయ్యడం మరీ తేలికైపోయింది. బొటనవేలితో ఫోను మీద ఓ నొక్కు నొక్కితే పాటకి ఓటు, ఇంకో నొక్కుకి పది దేశాల్లో పంపకం. రైలు పోర్టరు మూటలు మోసిన పని ఇప్పుడు వేలి కొసతో అయిపోతోంది. మంచిదే. మనవాళ్ళలోనూ బెస్సీనీ ఓటిస్‌నీ ఇష్టంగా వినేవాళ్ళున్నారు. వాళ్ళకి నా విన్నపం ఒక్కటే. పాట పంపేటప్పుడు పాడినవారి పేరు రాయండి, కట్టినవారి పేరు రాయండి, మీకెందుకు నచ్చిందో ఒక్క ముక్క రాయండి. ‘సూపర్’ అన్న మాట ఓటు కాదు, తుమ్ము లాంటిది. వచ్చింది, పోయింది. ఫలానా చోట గొంతు వణికినప్పుడు నాకు మా పిన్ని గుర్తొచ్చింది అని రాశారనుకోండి, అది ఓటు. దాన్ని చదివి ఇంకొకరు ఆ పాట వింటారు. విమర్శ అంటే అంతకంటే మరేమీ కాదు, పేరు చెప్పి, కారణం చెప్పి, పక్కవాళ్ళ చేతిలో పెట్టడం.

అలాంటి ఓటు ఒకదాన్ని తలుచుకుని ఊరుకుంటాను. లక్షల రికార్డులు అమ్మిన బెస్సీ స్మిత్‌కి కంపెనీ పాటకింతని ఒక్కసారి డబ్బిచ్చి సరిపెట్టింది, అమ్మకాల మీద వాటా ఇవ్వలేదు. 1937లో మిసిసిపీలో కారు ప్రమాదంలో ఆమె పోయింది. ఫిలడెల్ఫియాలో అంత్యక్రియలకు వేలమంది వచ్చారు. ఆ ఊరి శివార్లలో సమాధి చేశారు. కానీ దాని మీద రాయి పెట్టే దిక్కు లేకపోయింది. ఆమె పాటలు మళ్ళీ మళ్ళీ అమ్ముడుపోతూనే ఉన్నాయి, 33 ఏళ్ళపాటు ఆ నేల మీద గడ్డే పెరిగింది. 1970లో ఒక పాఠకురాలు పత్రికకు ఉత్తరం రాసి ఈ సంగతి బయటపెట్టింది. అప్పుడు ఇద్దరు ఆడవాళ్ళు ముందుకొచ్చి ఖర్చు భరించారు. ఒకరు జానిస్ జాప్లిన్, అప్పటికి అమెరికాలో మారుమోగుతున్న తెల్లజాతి రాక్ గాయని. పాడటం బెస్సీని విని నేర్చుకున్నానని చెప్పుకునే మనిషి. ఇంకొకరు జువానిటా గ్రీన్, చిన్నప్పుడు బెస్సీ ఇంట్లో పని చేసిన నల్లజాతి స్త్రీ. ఆగస్టులో రాయి నిలబెట్టారు. రెండు నెలలు తిరక్కుండానే జానిస్ కూడా 27 ఏళ్ళకే పోయింది.

ఒకామె ఆ గొంతు రికార్డుల్లో విన్నది, ఒకామె ఆ ఇంట్లో నేల తుడుస్తూ విన్నది. ఇద్దరూ ఏ జాబితాలోనూ అంకె వెయ్యలేదు. పేరు చెక్కించారు.